అమీర్‌పేటలోని మా వాణిజ్య భవనానికి అమర్చిన ఫ్రెష్ ఎయిర్ వ్యవస్థ: మూడు కాలాల పనితీరుపై సమీక్ష

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌కు దగ్గరలో ఉన్న మా ఆరంతస్తుల వాణిజ్య భవనంలో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే సంస్థలు, రెండు చిన్న కార్యాలయాలు, మొదటి అంతస్తులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ ఉన్నాయి. బయటి గాలిని వడకట్టి, చల్లబరచి, ప్రతి గదికీ అందించే యాంత్రిక వెంటిలేషన్ వ్యవస్థను నిరుడు వేసవి మొదట్లో భవనం మొత్తానికీ అమర్చుకున్నాం. దాని మీదుగా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం గడిచాయి గనుక, ఇదే ఆలోచనలో ఉన్న ఇతర యజమానుల సంఘాలకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. మా సంఘంలో నిర్వహణ వ్యవహారాలు నా బాధ్యత కావడంతో కొటేషన్ల దశ నుంచి ఫిల్టర్ల మార్పిడి వరకు అన్నీ దగ్గరుండి చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ వ్యవస్థ కొనదగినది, జనం కిక్కిరిసి కూర్చునే పెద్ద భవనాలకు తప్పనిసరిగా ఉండవలసినది. అయితే కేటలాగులో రాసిన సామర్థ్యాన్ని నమ్మి ఊరుకోకుండా, తరగతి నిండిన వేళ చివరి బెంచీ దగ్గరకు బయటి గాలి ఎంత చేరుతోందో కొలిపించి, ఆ తర్వాతే ఆఖరి వాయిదా డబ్బు చెల్లించాలి.

మా ఇబ్బంది పాతదే. ఉదయం మొదటి బ్యాచ్‌కు హాయిగా ఉండే గదుల్లో మధ్యాహ్నమయ్యేసరికి పిల్లలు తలనొప్పి అనేవారు, ఆవలించేవారు, కళ్ళు మండుతున్నాయనేవారు. ఏసీ పెంచినా తగ్గించినా తేడా కనిపించేది కాదు. ఎందుకంటే గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ అయినా, ఫాల్స్ సీలింగ్‌లో అమర్చే క్యాసెట్ ఏసీ అయినా గదిలో ఉన్న గాలినే లాక్కుని, చల్లబరచి, మళ్ళీ అదే గదిలోకి వదులుతుంది. బయటి నుంచి ఒక్క లీటరు గాలిని కూడా అది తీసుకురాదు. నగరంలో గత ఇరవై ఏళ్ళలో లేచిన వాణిజ్య భవనాల్లో చాలావాటికి అద్దాల ముఖభాగం, తెరుచుకోని కిటికీలు, లోపల స్ప్లిట్ ఏసీలు ఉన్నాయి. గాలి మారే దారి మాత్రం లేదు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనంలో నిలబడి ఆ ఎత్తైన కప్పులనూ విశాలమైన నడవాలనూ చూసినప్పుడల్లా, గాలి గురించి ఆలోచించి కట్టిన కట్టడం ఎలా ఉంటుందో అర్థమవుతుంది. ఆ పద్ధతిని అమీర్‌పేట కూడలిలో ఈనాడు అనుసరించలేం. కిటికీ తెరిస్తే వచ్చేది దుమ్ము, డీజిల్ పొగ, హారన్ల మోత. అందువల్ల గాలిని ఫ్యాన్లతో లాగి, వడకట్టి, డక్టుల (గాలి గొట్టాల) ద్వారా పంపడం తప్ప వేరే మార్గం లేదు.

ఎంత గాలి కావాలన్నది లెక్కతో తేల్చవలసిన విషయం. కుర్చీలో కూర్చుని చదువుకునే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. 200 చదరపు మీటర్ల నేల, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 100 మంది కూర్చుంటే, తలుపు సందుల్లోంచి వచ్చే కొద్దిపాటి గాలిని పక్కన పెట్టి చూసినప్పుడు, గంటకు 3000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలన్న కొలత) చొప్పున ఆ వాయువు పెరుగుతుంది. బయటి గాలిలో అది 420 పీపీఎం దగ్గర ఉంటుంది కాబట్టి, తలుపులు మూసిన పన్నెండు నిమిషాలకే గది 1000 దాటుతుంది. ఈ 1000 అనే గీటురాయి కొత్తదేమీ కాదు. మ్యూనిక్‌లో పనిచేసిన పరిశుభ్రతా శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే దీన్ని ప్రతిపాదించారు. ఆయన ఉద్దేశం కార్బన్ డయాక్సైడ్ ఆ మోతాదులో విషమని కాదు. గదిలోని మనుషుల ఊపిరి, ఒంటి వాసన, తుంపరలు ఎంతమేరకు పేరుకున్నాయో చెప్పే సూచికగా ఆ అంకెను వాడుకోవచ్చని ఆయన గమనించారు. ఈనాడు మీటర్లు పట్టుకుని మనం చూస్తున్నదీ అదే. పక్క బెంచీ విద్యార్థి వదిలిన గాలిని మనం ఎంత పీలుస్తున్నామన్నదే అక్కడ కనిపించే అంకెకు అర్థం.

కోవిడ్ కాలంలో, 2021లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇళ్ళు కాని భవనాల్లో మనిషికి సెకనుకు కనీసం 10 లీటర్ల బయటి గాలి ఉండాలని సూచించింది. అంటే మన మిస్త్రీల భాషలో మనిషికి దాదాపు 21 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). అంత గాలి నిజంగా అందితే పైన చెప్పిన గది 900 పీపీఎం చుట్టుపక్కల నిలకడగా ఉంటుంది. అమెరికా ఇంజినీర్ల సంఘం ఆష్రే వారి 62.1 ప్రమాణం ప్రకారం ఉపన్యాస తరగతికి లెక్క కడితే ఇందులో సగం కూడా రాదు. మాకు వచ్చిన మూడు కొటేషన్లలో రెండు ఆ కనీస లెక్క మీదే తయారయ్యాయి. మూడో సంస్థ మాత్రం ప్రతి గదిలోని సీట్ల సంఖ్య అడిగి రాసుకుని, మనిషికి 10 లీటర్ల లెక్కన డిజైన్ ఇచ్చింది. ధర ఎక్కువైనా దాన్నే ఎంచుకున్నాం. చదరపు అడుగుల లెక్కన మాత్రమే కొటేషన్ ఇచ్చేవారిని మొదటి దశలోనే పక్కన పెట్టడం మంచిదని నా సలహా, ఎందుకంటే కార్యాలయంలో పదిమంది కూర్చునే చోట శిక్షణ కేంద్రంలో నలభై మంది కూర్చుంటారు.

ఇక యంత్రం సంగతి. మేడ మీద ఒక పెద్ద ట్రీటెడ్ ఫ్రెష్ ఎయిర్ యూనిట్ ఉంది. అది బయటి గాలిని లాక్కుని, ముందు ముతక ఫిల్టర్‌లోంచి, తర్వాత సన్నని ధూళిని పట్టే మెర్వ్ 13 రకం (మెర్వ్ అన్నది ఫిల్టర్ల సామర్థ్యాన్ని తెలిపే కొలమానం) ఫిల్టర్‌లోంచి పంపుతుంది; అక్కడి నుంచి గాలి నెమ్మదిగా తిరిగే ఎనర్జీ రికవరీ వీల్‌ను దాటి, కూలింగ్ కాయిల్ మీదుగా నిలువు షాఫ్టులోకి దిగి, అంతస్తుకో డక్టు ద్వారా గదులకు చేరుతుంది. గదుల్లోంచి వెనక్కు లాగిన వాడిన గాలి అదే చక్రం రెండో సగం గుండా బయటికి పోతుంది. బయటి వేడి గాలిలోని వేడినీ తేమనూ చక్రం పట్టుకుని, పోతున్న చల్లటి గాలికి అప్పగిస్తుంది. ఈ చక్రం లేని ఫ్రెష్ ఎయిర్ వ్యవస్థను హైదరాబాద్ వేసవిలో నడపడం ఎంత ఖరీదో ఒక లెక్క చెబుతుంది: సెకనుకు 1000 లీటర్ల గాలిని, అంటే 100 మందికి సరిపడే గాలిని, 40 డిగ్రీల నుంచి 25 డిగ్రీలకు దించడానికే నాలుగున్నర టన్నులకు పైగా ఏసీ సామర్థ్యం కావాలి. చక్రం అందులో 70 శాతం తిరిగి రాబడితే మిగిలేది టన్నున్నర. మే నెలలో కరెంటు బిల్లు చూసి ఫ్రెష్ ఎయిర్ స్విచ్చి ఆపేసే భవనాలు ఎందుకు ఆపేస్తున్నాయో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది. మా యూనిట్‌ను ఏప్రిల్, మే నెలల్లో కూడా ఆపవలసిన అవసరం రాలేదు. ఆ విషయంలో ఈ యంత్రానికి నిండు మార్కులు ఇస్తాను.

వానాకాలంలో మాత్రం తొలి వారాలు నిరాశ కలిగించాయి. జూన్ చివర ముసురు పట్టిన రోజుల్లో మూడో అంతస్తులోని గ్రిల్స్ (గాలి గదిలోకి దిగే జాలీలు) చెమర్చాయి, కాగితాలు మెత్తబడ్డాయి, గదుల్లో ఉక్క తెలిసింది. యంత్రం చెడిపోలేదు, కంట్రోల్ పద్ధతిలోనే లోపం ఉంది. కూలింగ్ కాయిల్‌ను ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసి నడిచేలా అమర్చారు. బయట 25 డిగ్రీలే ఉన్నప్పుడు చల్లబరచవలసిన పని లేదనుకుని కాయిల్ ఆగిపోతుంది, తడి గాలి తడిగానే గదుల్లోకి దిగుతుంది. ఎండాకాలంలో పొడిగా, వానాకాలంలో తేమగా ఉండే మన ఊరికి తేమను కూడా చూసే కంట్రోల్ కావాలి. హ్యుమిడిటీ సెన్సర్ బిగించి, గాలిలోని తేమను బట్టి కాయిల్ పనిచేసేలా ప్రోగ్రామ్ మార్చాక ఆ ఇబ్బంది పూర్తిగా పోయింది. ఈ మార్పు కోసం సంస్థ అదనపు బిల్లు వేయలేదు, అది మెచ్చుకోదగిన విషయం. డిజైన్‌లోనే దాన్ని చేర్చి ఉండవలసింది అన్నది కూడా అంతే నిజం.

చలికాలం సజావుగా గడిచింది. డిసెంబరు ఉదయాల్లో బయటి గాలే గది కంటే చల్లగా ఉంటుంది. అప్పుడు చక్రం తిరిగితే పోవలసిన వేడిని తిరిగి లోపలికి తెస్తుంది. బైపాస్ డాంపర్ (గాలి దారిని తెరిచి మూసే పలక) దానంతట అది తెరుచుకుని చక్రాన్ని తప్పించడంతో చాలా గదుల్లో మధ్యాహ్నం వరకు ఏసీ వేయవలసిన పనే రాలేదు. బైపాస్ లేని చవక మోడళ్ళు కూడా దొరుకుతున్నాయి, వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు.

చలికాలంలోనే ఫిల్టర్ల విలువ తెలిసింది. ఆ నెలల్లో గాలి కదలిక తగ్గి, పొగ, ధూళి నేలకు దగ్గరగా నిలిచిపోతాయి. సూక్ష్మ ధూళి అయిన పీఎం 2.5 వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకం చెబుతుండగా, మన దేశ ప్రమాణం 40 వరకు అనుమతిస్తోంది. ఆ అనుమతి ఉందని సంతృప్తి పడటానికి వీల్లేదు, ఎందుకంటే ఆ ధూళిని రోజంతా పీల్చేది పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. మెర్వ్ 13 ఫిల్టర్ 0.3 నుంచి 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య రేణువుల్లో కనీసం సగాన్ని, 1 నుంచి 3 మైక్రాన్ల వాటిలో 85 శాతాన్ని ఆపగలగాలి. ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లలో వాడే హెపా ఫిల్టర్లు ఇంతకంటే ఎంతో మెరుగైనవే; కానీ వాటిలోంచి గాలిని నెట్టడానికి ఫ్యాన్ మీద పడే భారం తరగతి గదులకు అనవసరం. ఫిల్టర్ రకం కంటే ముందు దాని ఫ్రేమును చూడండి. ఫ్రేముకూ పెట్టెకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంటే గాలి అక్కడి నుంచే పోతుంది, ఫిల్టర్ తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. మాకు అప్పగించిన యూనిట్‌లో సీలింగ్ గాస్కెట్లు శ్రద్ధగా వేశారు. ఫిల్టర్ ముందూ వెనకా గాలి ఒత్తిడి తేడాను చూపే గేజి కూడా ఉంది. మార్చవలసిన సమయాన్ని క్యాలెండరును బట్టి కాక ఆ గేజిని బట్టి నిర్ణయిస్తున్నాం. బయట తవ్వకాలు జరిగిన నెలలో ముతక ఫిల్టర్ అనుకున్నదానికంటే చాలా ముందే నిండిపోయింది. క్యాలెండరును నమ్ముకుని ఉంటే ఆ నెలంతా గదులకు గాలి తగ్గిపోయేది.

అసలు సమస్య, నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది, బ్యాలెన్సింగ్ గురించి, అంటే ప్రతి గదికీ దాని వాటా గాలి అందేలా సర్దడం గురించి. యూనిట్ మేడ మీద ఉంది కాబట్టి ఐదో అంతస్తు దానికి దగ్గర, మొదటి అంతస్తు దూరం. గాలి తనకు సులువైన దారినే ఎంచుకుంటుంది: చేనుకు నీళ్ళు పెట్టేటప్పుడు కాలువ మొదట్లో ఉన్న మడి నిండుగా తడిసి, చివరి మడి ఎండిపోయినట్టే ఇక్కడా జరిగింది. యంత్రం ప్రారంభించిన రోజున మొత్తం గాలి డిజైన్ మేరకు వస్తోందని సంస్థ ఇంజినీరు కొలిచి చూపించారు, అది నిజమే. కానీ ఐదో అంతస్తు గదుల్లో గ్రిల్ కింద కాగితాలు ఎగురుతుంటే, రెండో అంతస్తులో కారిడార్ చివరి తరగతిలో గ్రిల్ దగ్గర టిష్యూ పేపర్ కూడా కదలలేదు. అప్పగింత నివేదికలో అంతస్తులవారీ అంకెలే ఉన్నాయి, గదులవారీ అంకెలు లేవు. ప్రతి గ్రిల్‌నూ బ్యాలెన్సింగ్ హుడ్‌తో (గ్రిల్‌కు ఆనించి గాలి పరిమాణాన్ని కొలిచే పరికరంతో) కొలిచి, ప్రతి శాఖలోని డాంపర్‌ను సర్ది, చివరి అంకెలను పట్టికగా ఇచ్చేంతవరకు ఆఖరి వాయిదా ఇవ్వబోమని సంఘం రాతపూర్వకంగా తెలియజేసింది. ఆ మాట కొంత కటువుగా వినిపించి ఉండవచ్చు. అయినా ఒప్పందంలో టెస్టింగ్, బ్యాలెన్సింగ్ అన్న పంక్తి స్పష్టంగా ఉండబట్టే అడగగలిగాం. ఆ పంక్తి లేని కొటేషన్ మీద ఎవరూ సంతకం చేయకూడదు. ఒకసారి సర్దితే సరిపోదని కూడా అప్పుడే తెలిసింది. పై అంతస్తు డాంపర్ మూస్తే కింది అంతస్తుకు గాలి పెరుగుతుంది, దాంతో ముందు సర్దినవన్నీ మళ్ళీ కొద్దిగా మారతాయి. ఓపికగా రెండు మూడు చుట్లు తిరిగి పని పూర్తిచేసిన ఆ టెక్నీషియన్ల నైపుణ్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. సర్దిన డాంపర్ల మీద పెయింటుతో గుర్తు పెట్టించాం, తర్వాత ఎవరైనా కదిపితే వెంటనే తెలుస్తుంది. ఆ పని జరిగాకే చివరి తరగతి నుంచి ఫిర్యాదులు ఆగాయి.

కార్బన్ డయాక్సైడ్ సెన్సర్లను బట్టి గాలి పెంచే తగ్గించే సదుపాయాన్ని కూడా తీసుకున్నాం. గదిలో జనం తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ వేగం తగ్గుతుంది. సూత్రరీత్యా వేగం సగమైతే ఫ్యాన్ వాడే విద్యుత్తు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి ఖర్చులో ఆదా గణనీయంగా ఉంటుంది. అయితే సెన్సర్ల ఎంపికలో జాగ్రత్త అవసరం. మార్కెట్లో తక్కువ ధరకు దొరికే కొన్ని పరికరాలు కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలవవు. గాలిలోని ఇతర ఆవిరులను కొలిచి అంచనా అంకె చూపిస్తాయి. ఫినాయిల్‌తో నేల తుడవగానే అంకె ఎగబాకితే అది అలాంటిదేనని అనుమానించవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ పద్ధతిలో కొలిచే ఎన్‌డీఐఆర్ సెన్సరు కావాలని కాగితం మీద రాయించుకోవాలి. వాటిలో కూడా చాలా రకాలు వారంలో ఒకసారైనా గది ఖాళీ అయి బయటి గాలి స్థాయికి దిగుతుందని అనుకుని తమను తాము సరిచేసుకుంటాయి. మా భవనం రాత్రి ఖాళీ అవుతుంది కాబట్టి మాకు సమస్య లేదు. మాధాపూర్, గచ్చిబౌలి వైపు రాత్రి షిఫ్టులతో ఇరవై నాలుగు గంటలూ నడిచే కార్యాలయాల్లో ఈ స్వయం సవరణే సెన్సరును తప్పుదారి పట్టిస్తుంది, అక్కడ దాన్ని ఆపి చేత్తో క్యాలిబ్రేట్ చేయించడం మంచిది. సెన్సర్లను తలుపు పక్కన గానీ, గ్రిల్ కింద గానీ కాకుండా కూర్చున్న మనిషి తల ఎత్తులో, గోడ మధ్యలో పెట్టించాం.

బయటి గాలిని ఎక్కడి నుంచి తీసుకుంటున్నారన్నది మరచిపోకూడని విషయం. మొదట ఇచ్చిన డ్రాయింగులో గాలి లోపలికి లాగే ముఖద్వారం జనరేటర్ పొగగొట్టానికి దగ్గరగా ఉంది. దాన్ని మేడకు రెండో వైపుకు మార్పించాం. దానికోసం డక్టు పొడవు కొంత పెరిగింది. ఏసీ వేడిని నీటి తుంపరలతో బయటికి వదిలే కూలింగ్ టవర్లున్న భవనాల్లో ఈ దూరం ఇంకా ముఖ్యం. 1976లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్‌లో జరిగిన సమావేశానికి వచ్చినవారిలో ప్రబలిన లెజియోనేర్స్ అనే న్యుమోనియా జబ్బుకు కారణమైన బ్యాక్టీరియా అలాంటి నీటి వ్యవస్థల్లోనే పెరుగుతుంది.

మనకు దగ్గరలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. కొండాపూర్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) సొహరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు రెండు గాలి గోపురాలు ఉన్నాయి. బయటి గాలి వాటిలో దిగుతూ నీటి వల్ల ముందే కొంత చల్లబడి, ఆ తర్వాత ఏసీ యంత్రానికి అందుతుంది. అమెరికా వెలుపల లీడ్ (పర్యావరణహిత భవనాల రేటింగ్) ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం అదే. కొత్తగా కట్టేవారికి అలాంటి ఆలోచనలు చేసే వీలుంది. మాలాగా కట్టేసిన భవనంలో డక్టుల కోసం ఫాల్స్ సీలింగులు విప్పి, బీముల కింద తల తగలకుండా దారులు వెతుక్కునేవారికి మేడ మీది యూనిటే గతి. మా ఖర్చులో పెద్ద భాగం యంత్రానికి కాదు, డక్టులకూ, స్లాబులకు రంధ్రాలు చేయడానికీ, మంట అంటుకుంటే డక్టును మూసేయడానికి ప్రతి అంతస్తు దగ్గర పెట్టవలసిన ఫైర్ డాంపర్లకూ అయింది. ఫైర్ డాంపర్ల విషయంలో బేరం ఆడవద్దు. మంట అంటుకుంటే పొగను అన్ని అంతస్తులకూ పంచే దారి ఈ షాఫ్టే అవుతుంది, ఫైర్ అలారం మోగగానే యూనిట్ ఆగిపోయేలా కలపడం కూడా తప్పనిసరి.

శబ్దం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఐదో అంతస్తులో మొదట సన్నని హోరు ఉండేది, బ్యాలెన్సింగ్ తర్వాత అది కూడా తగ్గింది.

నిర్వహణ ఒప్పందం, అందరూ ఏఎంసీ అనేది, మాకు అమర్చిన సంస్థే చేస్తోంది. ఫోన్ చేసిన మర్నాటికి మనిషి వస్తారు. వచ్చినవారికి పని తెలుసు. కాయిల్ కింద నీరు నిలవకుండా డ్రెయిన్ ట్రే శుభ్రం చేయడం, చక్రం బెల్టు చూడడం, సెన్సర్లను సరిచూడడం వారి జాబితాలో ఉన్నాయి. లేనిది, మేము రెండో ఏడాది ఒప్పందంలో చేర్పించినది, ఏడాదికి ఒకసారి గదులవారీగా గాలి పరిమాణాన్ని మళ్ళీ కొలవడం. అద్దెకు వచ్చేవారు పార్టిషన్లు కట్టి ఒక గదిని రెండు చేస్తారు, గ్రిల్ ఒక వైపే ఉండిపోతుంది. రెండో వైపు కూర్చున్నవారికి ఏసీ చల్లదనం తప్ప బయటి గాలి అందదు. ఇది మా భవనంలోనే నాలుగో అంతస్తులో జరిగింది. ఇప్పుడు పార్టిషన్ కట్టే ముందు సంఘం అనుమతి తీసుకోవాలని అద్దె ఒప్పందాల్లో చేర్చాం.

ఈ వ్యవస్థ చేయలేని పనులు కూడా ఉన్నాయి. మరుగుదొడ్ల గాలినీ, డయాగ్నస్టిక్ సెంటర్‌లోని ల్యాబ్ గాలినీ ఎనర్జీ రికవరీ చక్రం గుండా పంపకూడదు, ఎందుకంటే తిరిగే చక్రంలో వాడిన గాలి కొంత తాజా గాలి వైపుకు వచ్చే అవకాశం ఉంటుంది. వాటికి విడిగా ఎగ్జాస్టులు పెట్టించాం. సెల్లార్ పార్కింగ్ కూడా వేరే లెక్కే. అక్కడి బండ్ల పొగ లిఫ్ట్ షాఫ్టు గుండా పైకి ఎక్కకుండా ఉండాలంటే సెల్లార్‌కు సొంత ఎగ్జాస్టు ఫ్యాన్లు, కార్బన్ మోనాక్సైడ్ సెన్సర్లు ఉండాలి, పై అంతస్తుల్లో గాలి ఒత్తిడి బయటికంటే కాస్త ఎక్కువగా ఉండాలి. ఆ ఒత్తిడి కోసం లోపలికి పంపే గాలిని, బయటికి లాగే గాలికంటే కొద్దిగా ఎక్కువగా ఉంచమని బ్యాలెన్సింగ్ సమయంలోనే చెప్పాం. సెల్లార్ పనికి ఇదే సంస్థను విడిగా కొటేషన్ అడిగాం. అందులో కూడా టెస్టింగ్, బ్యాలెన్సింగ్ పంక్తి ఉందో లేదో చూశాకే సంఘం సమావేశంలో పెడతాం.